పంపని కామెంట్లు

నలభై ఏడు.

సోమవారం పొద్దున తొమ్మిదీ పదికి కంప్యూటర్ తెరిచేసరికి నా కోడు మీద నలభై ఏడు కామెంట్లున్నాయి. కళ్లు నులుముకుని మళ్లీ లెక్కపెట్టాను. నలభై ఏడే.

మాది లిఫ్టులు తయారుచేసే కంపెనీ. లిఫ్టు ముందు ఏ అంతస్తుకి వెళ్లాలి, తలుపు ఎప్పుడు తీయాలి, ఎంత బరువైతే మొరాయించాలి, ఇవన్నీ చెప్పే ప్రోగ్రాం మా గదిలో రాస్తాం, సి ప్లస్ ప్లస్ అనే భాషలో. ఒకరు రాసింది ఇంకొకరు చదివి, లైను పక్కన కామెంట్లు పెట్టి, అవన్నీ తీరాకే అది లిఫ్టులోకి వెళ్తుంది. నేను తొమ్మిదేళ్లుగా రాస్తున్నాను. ఈ తొమ్మిదేళ్లలో నాకొచ్చిన కామెంట్లన్నీ పోగేసినా నలభై ఏడు ఉండవు. ఉన్నవాటిలో సగం 'బాగుంది' అనే.

ఎవరా అని చూస్తే, శుక్రవారం కొత్తగా చేరిన అమ్మాయి. పరిచయాలప్పుడు నేను తల కూడా ఎత్తలేదు. ఇప్పుడు అరికాలి మంట నెత్తికెక్కి నేరుగా ఆమె టేబుల్ దగ్గరికి వెళ్లాను. ఆమె తీరిగ్గా కమలాపండు వలుచుకుంటోంది.

"నలభై ఏడు కామెంట్లు పెట్టింది మీరేనా?"

"పాయింటర్ గారంటే మీరేనా?" అంది, తొక్క కింద పడకుండా కాగితంలో వేస్తూ.

పాయింటర్ అనేది ఆఫీసులో నా ముద్దుపేరు. మెమరీలో ఏ వస్తువు ఎక్కడుందో చూపించేదాన్ని పాయింటర్ అంటారు. నా కోడు నిండా అవే. ఆ పేరు అప్పటిదాకా నాకు బిరుదులా ఉండేది. ఆమె నోట వింటే మాత్రం తిట్టులా తోచింది.

"ఈ కోడు తొమ్మిదేళ్లుగా నడుస్తోందండీ. ఒక్క లిఫ్టూ పడిపోలేదు."

"పడిపోలేదు, నిజమే. మరి పది రోజులకోసారి ఎందుకు ఆపి మళ్లీ ఆన్ చేస్తున్నారు?"

వాడుకున్న మెమరీని తిరిగి ఇచ్చేయడం నా కోడు ఎక్కడో మర్చిపోతోంది. ఎక్కడన్నది తొమ్మిదేళ్లుగా నాకూ దొరకలేదు. పదకొండో రోజుకి మెమరీ నిండిపోతుంది కాబట్టి పదో రోజునే ఎవరో ఒకరు లిఫ్టుని ఆపి, ఆన్ చేస్తారు.

"దాన్ని నిర్వహణ అంటారు," అన్నాను.

"ఓహో. అసలు ఇంకా ఉన్నాయండీ. వచ్చీ రాగానే బాగోదని నలభై ఏడు దగ్గర ఆపేశాను." ఒక తొన తీసి నా వైపు చాపింది. "తీసుకోండి. పుల్లగా లేదు."

కోపంగా ఉన్న మనిషి తొన తీసుకోకూడదు. తీసుకున్నాను. నిజంగానే పుల్లగా లేదు, అదొక ఉక్రోషం.

ఆ మధ్యాహ్నమే మా మేనేజర్ అందరినీ పిలిచారు. ఆయన్ని మేం డెడ్‌లైన్ గారు అంటాం. ఆయన గుడ్ మార్నింగ్ చెప్పినా దాని చివర ఒక తేదీ ఉంటుంది.

"లిఫ్టులో పెట్టే కొత్త కంట్రోలర్ బోర్డు వస్తోంది. కోడంతా కొత్త పద్ధతిలో ఉండాలి. భాష అదే సి ప్లస్ ప్లస్, కానీ ఇప్పటి సి ప్లస్ ప్లస్. ఎవరి భాగం వాళ్లు తిరగరాయండి. అమ్మాయే నేర్పిస్తుంది, అమ్మాయే రివ్యూ చేస్తుంది. ఇరవై ఎనిమిదో తేదీ సాయంత్రం ఐదింటికి సిస్టమ్‌కి తాళం పడిపోతుంది. అప్పటికి ఎవరి కోడు మీదా ఒక్క కామెంటు కూడా తెరిచి ఉండకూడదు."

"ఉంటే?" అన్నాను.

"పాత వెర్షన్లు చూసుకునే ఆఫీసు ఉందిగా, అక్కడికి పంపిస్తాం. రైల్లో ఏడు గంటలే. అక్కడా లిఫ్టులే కదయ్యా, కొత్తేముంది!"

గదిలో మిగతా ఐదుగురూ ఒకేసారి నా వైపు చూశారు. వాళ్లంతా కుర్రకారు. కొత్త పద్ధతి కాలేజీలోనే చదువుకుని వచ్చారు. పైగా వాళ్లవి చిన్న భాగాలు. లిఫ్టుని పిలిచిన వాళ్లందరినీ వరసలో పెట్టే అసలు క్యూ నాది. నాలుగు వేల లైన్లు.

నాకు భయమేసింది. దాచుకోవడం దేనికి, చాలా భయమేసింది. పంతొమ్మిదో ఏట ఒక లావుపాటి పుస్తకం ముందేసుకుని ఈ భాష నేర్చుకున్నాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే. ఆ తర్వాత మూడేళ్లకోసారి భాషలోకి కొత్తవి వస్తూనే ఉన్నాయి, నేను తర్వాత చూద్దాంలే అంటూనే ఉన్నాను. ఆ తర్వాతలన్నీ కట్టగట్టుకుని ఇప్పుడు మీద పడ్డాయి. ముప్పై ఏళ్లకే పాత సామాను గదిలోకి నెట్టేస్తారా నన్ను?

*

రోజూ రెండు నుంచి మూడింటిదాకా క్లాసు. మా ఆఫీసుని ఆనుకుని ఎనిమిదంతస్తుల టవర్ ఒకటి ఉంటుంది. అందులో ఒకే ఒక్క టెస్టు లిఫ్టు, మనుషులకు బదులు ఇసుక మూటలు మోసుకుంటూ తిరుగుతుంది. దాని పక్కనున్న అద్దాల గదిలో మా చదువు. మిగతా వాళ్లు రెండు రోజులు వచ్చి మానేశారు, వాళ్లకి అవసరం లేక. మూడో రోజు నుంచి నేనూ ఆమే.

"ఈ వస్తువు ఎవరిది?" తెర మీద నా లైను ఒకటి చూపించి అడిగింది.

"లిఫ్టుది."

"క్యూ దగ్గరా దీని పాయింటర్ ఉంది, తలుపు దగ్గరా ఉంది."

"అయితే ముగ్గురిదీ."

"పనయ్యాక ఎవరు తీసేస్తారు?"

"ఎవరో ఒకరు."

"మీ ఇంట్లో చెత్తబుట్ట ఎవరు బయట పెడతారండీ?"

"మా బావ అనుకుంటా."

"మీ బావ ఎవరనుకుంటారు?"

ఆలోచించాను. బావ నేననుకుంటాడు. అక్క మా ఇద్దరిలో ఒకరనుకుంటుంది. అందుకే మా వంటింట్లో ఆ వాసన.

"అదీ సంగతి," అంది ఆమె. "కొత్త పద్ధతిలో ఒక వస్తువుకి యజమాని ఒక్కరే. దీన్ని స్మార్ట్ పాయింటర్ అంటాం. యజమాని పని ముగించుకుని వెళ్లిపోతే వస్తువు దానంతటదే పోతుంది. మీరు డిలీట్ అని రాయక్కర్లేదు."

"దానంతటదేనా?"

"దానంతటదే."

నాకు మింగుడు పడలేదు. తొమ్మిదేళ్లుగా ప్రతిదీ నా చేత్తో తీసేసినవాణ్ని. రేపటినుంచి అన్నం దానంతటదే అరుగుతుంది, నువ్వు నమలక్కర్లేదు అన్నట్టుంది. సరేనని తలూపి, ఆమె చెప్పినట్టే రాసి, చివర్లో ఎందుకైనా మంచిదని ఎవరికీ కనపడని మూల ఒక డిలీట్ కూడా పెట్టాను.

ఒకే వస్తువుని నేనొకసారి తీసేశాను, అది దానంతటదే ఇంకోసారి పోయింది. ప్రోగ్రాం కుప్పకూలింది. నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య టెస్టు లిఫ్టు ధబ్బుమని బ్రేకు వేసుకుని నిలబడిపోయింది.

మా మెకానిక్‌ని అందరం బాబాయ్ అంటాం. ఆయన పైదాకా మెట్లెక్కి, చక్రం చేత్తో తిప్పి, ఇసుక మూటల్ని కిందికి దించి, గ్రీజు మొహంతో వచ్చాడు.

"ఏరా పాయింటర్, ఎనిమిది అంతస్తులు ఎక్కించావు కదరా! మీ పిన్ని ఏడాదిగా వ్యాయామం చెయ్యమని పోరుతోంది. ఇవాళ్టితో తీరిపోయింది పో."

ఆమె నా ఫైలు తెరిచి చదువుతోంది. చదివేటప్పుడు కళ్లజోడు నెత్తి మీదకి తోసుకుని, తర్వాత దాని కోసం టేబులంతా తడుముతుంది. ఆ డిలీట్ దగ్గర వేలు ఆగింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వితే రాజీనామా ఇచ్చేద్దామని కూడా అనుకున్నాను.

"నమ్మలేకపోయారా?" అంది మెల్లగా.

"చేతులు ఊరుకోలేదండీ."

"నేను నేర్చుకున్న మొదటి నెలలో ఇదే చేశాను. రెండుసార్లు." అటూ ఇటూ చూసింది. "ఎవరికీ చెప్పకండి, ఇక్కడ నా పరువు పోతుంది."

అప్పుడు నవ్వింది. అద్దం అవతల లిఫ్టు బరువు కిందికి జారి టేబుల్ కాస్త అదిరింది. నా గుండె కూడా అదిరింది. కారణం లిఫ్టేనని నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

*

మా రివ్యూ సిస్టమ్ గురించి ఒక మాట చెప్పాలి. కామెంటుకి జవాబు రాస్తే వెంటనే వెళ్లిపోదు. డ్రాఫ్టుగా ఉంటుంది. రాసినవాడికి తప్ప ఎవరికీ కనపడదు. చివర 'పంపు' నొక్కితే, రాసి ఉంచినవన్నీ ఒకేసారి మేనేజర్‌తో కలిపి టీములో మిగతా ఏడుగురికీ వెళ్తాయి. మనుషులెక్కే లిఫ్టు కాబట్టి, ఒకసారి పంపిన మాట చెరిపేయడం ఎవరి వల్లా కాదు. రేపేదైనా జరిగితే ఎవరు ఏమన్నారో చూడాలి కదా. ఇంకోటి, కామెంటు ఎవరు రాసినా దాన్ని మూసేది మాత్రం రివ్యూ చేసేవాళ్లే. చదివి, తృప్తిపడితే మూస్తారు. మూసేసిన కామెంటు కింద జవాబు వెళ్తే అదీ కొత్త కామెంటు కిందే లెక్క.

ఆ మొదటి సోమవారం నా కోపం చల్లార్చుకోవడానికి ఆమె కామెంట్ల కింద డ్రాఫ్టులు రాయడం మొదలుపెట్టాను. 'ఇక్కడ ఆటో అని రాస్తే చాలు, టైపు కంపైలరే కనుక్కుంటుంది' అని ఆమె రాస్తే (మా రాతని మెషీను భాషలోకి మార్చే ప్రోగ్రామే కంపైలర్), కింద నేను 'అన్నీ కంపైలరే కనుక్కుంటే ఇక నేనెందుకు, మీరెందుకు?' అని రాశాను. హాయిగా అనిపించింది. పంపలేదు. సరిచేసినవాటి గురించి ఆమెకి నోటితోనే చెప్పేవాణ్ని, ఆమె మూసేసేది. డ్రాఫ్టులు మాత్రం ఉండిపోయేవి.

ఎప్పుడు మారాయో తెలీదు. రెండో వారానికి వాటిలో కోడు గురించి ఏమీ లేదు. 'ఈరోజు మీ కళ్లజోడు నెత్తి మీదే ఉండగా పది నిమిషాలు వెతికారు. చెప్పలేదు. చెబితే వెతకడం ఆపేస్తారని.' ఇలాంటివే అన్నీ.

మరోపక్క నేను నిజంగా నేర్చుకుంటున్నాను. ఒక విలువ ఉండొచ్చు, ఉండకపోవచ్చు అన్నచోట పాతకాలంలో మైనస్ ఒకటి అని రాసి దేవుడి మీద భారం వేసేవాణ్ని. ఇప్పుడు ఆప్షనల్ అని రాసి, ఉందో లేదో అడిగాకే ముందుకెళ్తున్నాను. చిన్న పనిని ఉన్నచోటే రాసి అందించే లాంబ్డాలు, మొదట్లో నాకు పురుగుల్లా కనపడినవి, ఇప్పుడు ముద్దొస్తున్నాయి. తొమ్మిదేళ్లుగా దొరకని ఆ మెమరీ కన్నం కూడా పూడిపోయింది. ఎక్కడుందో చివరిదాకా తెలియలేదు. యజమానులు సర్దుకునేసరికి అదే పోయింది.

కామెంట్లు తగ్గాయి. నలభై ఏడు ముప్పై అయింది, తర్వాత పదహారు, తర్వాత నాలుగు. ఇరవయ్యో తేదీన నేను కొత్తగా పెట్టిన భాగానికి ఒక్క కామెంటూ రాలేదు.

గంతులెయ్యాలి కదా? నాకు ముచ్చెమటలు పట్టాయి. ఎందుకు రాయలేదు? సరిగ్గా చదవలేదా? విసుగొచ్చిందా? పొద్దున లేవగానే ఆమె ఏం రాసిందోనని కంప్యూటర్ తెరవడం అలవాటైపోయింది. క్లాసు కూడా ఆ ముందు రోజుతో అయిపోయింది. ఇక ఆమెకి నాతో పనేముంది?

ఇరవై ఒకటిన ఒక వెధవ పని చేశాను. రెండొందల పన్నెండో లైనులో, కావాలని, పాత పద్ధతిలో ఒక వస్తువు సృష్టించి వదిలేశాను. పది నిమిషాల్లో కామెంటు వచ్చింది. 'ఇదేంటి?' ఆ రెండు ముక్కల్ని ఎన్నిసార్లు చదువుకున్నానో చెబితే నవ్వుతారు. మర్నాడు ఇంకో తప్పు. ఆ మర్నాడు రెండు.

ఇక్కడ ఉండాలంటే కామెంట్లు సున్నా కావాలి. ఆమె మాట వినాలంటే కామెంటు కావాలి. ఈ రెంటి మధ్యా నలిగిపోతూ, గడువుకి ఐదు రోజులుందనగా నా చేతులతో నేనే గొయ్యి తవ్వుకుంటున్నాను.

ఆ సాయంత్రం ఉన్నట్టుండి వాన పట్టుకుంది. ఆఫీసు గుమ్మం ముందున్న రేకుల పందిరి కింద ఆగిపోయాం, నేనూ ఆమే. ఆమె చేతిలో గొడుగుంది, తెరవలేదు.

"పాయింటర్ గారూ, ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. ఆ తప్పులు కావాలని చేస్తున్నారు కదూ?"

"ఏ తప్పులు?"

"పోయిన వారం వచ్చింది ఈ వారం రాకుండా పోతుందా? నాకా మాత్రం తెలీదా?" ఆమె గొంతులో అంత కోపం అప్పటిదాకా వినలేదు. "వెళ్లిపోవాలని ఉంటే డెడ్‌లైన్ గారితో సూటిగా చెప్పొచ్చుగా. నా చేత ఫెయిల్ చేయించుకోవడం దేనికి?"

"వెళ్లిపోవడమా? నేనా?"

"అక్కడెవరైనా ఉన్నారా మీకు?"

"ఎక్కడ?"

"ఏడు గంటల దూరంలో."

చెప్పేయాల్సింది అప్పుడే. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఈ నెలంతా నా తప్పులు దిద్దిన మనిషి, నా భవిష్యత్తు ఆమె చేతిలో ఉంది, ఇప్పుడిది చెబితే మార్కుల కోసం అనుకోదా?

"అక్కడ... లిఫ్టులున్నాయి," అన్నాను.

నా వంక ఒక్క చూపు చూసి, గొడుగు తెరవకుండానే వానలోకి నడిచి వెళ్లిపోయింది.

*

అక్కకి కళ్లజోళ్ల షాపుంది. మేముండేది దాని వెనక గదుల్లోనే. తడిసి వచ్చిన నన్ను కుర్చీలో కూలదోసి, ఎదురుగా అక్షరాల పటం చూపించింది.

"చదువు."

చదివాను.

"మూడో వరస వదిలేసి నాలుగోది చదివావు. చూపు బాగానే ఉంది, చూసేదే ఇక్కడ లేదు. ఎవర్రా?"

"ఎవరూ లేరక్కా."

"ఒరేయ్, రోజుకి నలభై మంది కళ్లల్లోకి చూస్తాను నేను. నాకు చెప్తావా?"

చెప్పేశాను. నలభై ఏడు దగ్గర్నుంచి గొడుగుదాకా అంతా.

"మరి ఆ అమ్మాయికి చెప్పావా?"

"రాశాను."

"ఏమంది?"

"పంపలేదు."

"ఎన్నిసార్లు రాశావ్?"

"ఓ అరవై సార్లుంటుంది."

లోపల్నుంచి బావ గొంతు వినిపించింది. "నేను ఒకే ఒక్కటి రాశానోయ్ బావమరిదీ. అదీ మీ అక్కే దిద్దింది."

"నువ్వూరుకో," అంది అక్క. నా వైపు తిరిగింది. "ముందు ఆ పరీక్ష నెగ్గు. నెగ్గి, నీకు ఆవిడతో ఏ అవసరమూ లేని రోజున వెళ్లి చెప్పు. అప్పుడు ఎవరూ ఏమీ అనుకోరు. కానీ చెప్పు, అర్థమైందా? అరవై ఒకటోది రాసుకుంటూ కూర్చోకు."

అరవయ్యోది ఆ రాత్రే రాశాను. అరవై ఒకటోది మర్నాడు పొద్దున్నే.

*

ఆ తర్వాత ఐదు రోజులు ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేశాను. కావాలని పెట్టిన తప్పులన్నీ తీసేశాను. ఆమె 'సరే' అని మూసేసేది, అంతకుమించి మాట లేదు. ఎదురుపడితే కంప్యూటర్ వైపు చూసేది.

ఇరవై ఎనిమిదో తేదీ మధ్యాహ్నం మూడింటికి మిగతా ఐదుగురివీ అయిపోయాయి. నా మీద మూడు కామెంట్లు మిగిలాయి. ఒక పేరు మార్చాలి. ఒకచోట ఖాళీ లైను ఎక్కువైంది. ఒక లాంబ్డాకి రెండు మాటల్లో వివరణ రాయాలి. చిన్నవే. అయినా వెళ్లి ఆమెకి నోటితో చెప్పే ధైర్యం లేదు. డెడ్‌లైన్ గారు నా వెనక పచార్లు చేస్తూ ప్రతి పది నిమిషాలకీ టైము చెబుతున్నారు. మూడూ సరిచేసి, మూడింటి కిందా 'సరిచేశాను' అని రాసి, మూడూ నలభైకి 'పంపు' నొక్కాను.

'64 పంపబడ్డాయి.'

మూడు కదా? అరవై నాలుగేమిటి?

నాకు అర్థమయ్యేలోపు గదిలో టింగ్, టింగ్ అని మోగడం మొదలైంది. ఒక టేబుల్ మీద, పక్క టేబుల్ మీద, ఆపకుండా. మూడు పోగా మిగిలిన అరవై ఒకటి. నా డ్రాఫ్టులు. తెర మీద ఎర్రటి అంకె: తెరిచి ఉన్న కామెంట్లు 64. తాళం పడటానికి గంటా ఇరవై నిమిషాలు.

వెనక్కి తీసుకునే బటన్ కోసం వెతికాను. లేదని తెలిసీ వెతికాను.

"ఏమయ్యా," అన్నారు డెడ్‌లైన్ గారు, ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుని. "నేను నీ కల్లోకి వచ్చి తేదీ చెప్పి వెళ్లానా?"

"అది... ఇరవై రెండో డ్రాఫ్టు సార్."

"కల్లో ఏ తేదీ చెప్పాను?"

కుర్రాళ్లు ఐదుగురూ తెరల వెనక తలలు దాచుకున్నారు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని అద్దాల గదిలోకి వెళ్లి, మా వైపు వీపు పెట్టి కూర్చుంది.

అయిపోయింది, అనుకున్నాను. ఉద్యోగం సంగతి అటుంచి, ఆమె మొహం ఇక చూడలేను. అందరి ముందూ ఆమె పరువు తీశాను.

తెర మీద అంకె 61 అయింది. సరిచేసిన మూడూ మూసింది. తర్వాత 60. ఒక్కోటే చదివి మూస్తోంది.

ఏది మూస్తే అది నా తెర మీద బూడిద రంగులోకి మారుతోంది. అంటే ఆమె ఏ క్షణాన ఏది చదువుతోందో నాకు తెలుస్తోంది. కంపైలర్ గురించి నేను ఎగతాళి చేసింది. మూసింది. 'తొన తియ్యగానే ఉంది, ఆ మాట ఒప్పుకోవడానికి నామోషీ.' మూసింది. కళ్లజోడు సంగతి చదువుతుండగా అద్దం అవతల ఆమె చెయ్యి నెత్తి మీదకి వెళ్లింది. 'రెండొందల పన్నెండో లైను తప్పు కాదు. మీరు పలకరించాలని తట్టిన తలుపు.' దాని దగ్గర మూడు నిమిషాలు ఆగింది. మూసింది. 'ఏడు గంటల దూరంలో నాకెవరూ లేరు. పదడుగుల దూరంలో ఉన్నారు.' దాని దగ్గర ఎంతసేపు ఆగిందో నేను చూడలేదు, కళ్లు మూసుకున్నాను.

నాలుగూ యాభై ఒకటికి అంకె 1 అయింది. అక్కడే ఆగిపోయింది.

అరవై ఒకటోది. అది ప్రశ్న. 'కామెంట్లన్నీ అయిపోయాక నాతో మాట్లాడ్డానికి మీకు ఇంకేమైనా మిగులుతుందా?'

యాభై రెండు. యాభై మూడు. డెడ్‌లైన్ గారు టైము చెప్పడం మానేశారు. జీవితంలో మొదటిసారి ఆయన గోళ్లు కొరుక్కోవడం చూశాను. యాభై ఐదు. బాబాయ్ టవర్ తలుపు దగ్గర చేతిగుడ్డ నలుపుతూ నిలబడ్డాడు.

నాలుగూ యాభై ఆరుకి టింగ్ మంది. ఏడు చోట్లా. ఆమె జవాబు.

'మీ కోడు నిన్న సాయంత్రమే అయిపోయింది. ఈరోజు పెట్టిన మూడు కామెంట్లూ అక్కర్లేనివి. ఒకసారి మూసేస్తే మళ్లీ మీతో ఏ వంకతో మాట్లాడాలో తెలియక పెట్టాను. మాట్లాడ్డానికి చాలా ఉంది. ఇక్కడ వద్దు, అందరూ చదువుతున్నారు.'

అంకె 0 అయింది.

ఐదుగురూ ఒక్కసారిగా ఈలలు వేశారు. డెడ్‌లైన్ గారు కుర్చీలో కూలబడి నీళ్లడిగారు. నేను మాత్రం ఆ ఐదు వాక్యాల్ని ఇంకా చదువుతూనే ఉన్నాను. ఈ నెలంతా నేనొక్కణ్ణే భయపడుతున్నాననుకున్నాను.

ఫోన్ తీసి అక్కకి చేశాను.

"అక్కా, అన్నీ మూసేసింది!"

"అయ్యో, పోనీలేరా, బాధపడకు..."

"కాదక్కా, మూసేయడమే మంచిది!"

అరగంట చెప్పాల్సింది అర నిమిషంలో చెప్పాను. అక్క గొంతు సవరించుకుని, "ఆదివారం షాపుకి తీసుకురా. నిన్ను ఇష్టపడిందంటే ఎందుకైనా మంచిది, ఓసారి కళ్లు పరీక్ష చేస్తాను," అంది. ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. కొత్త కోడు లిఫ్టులోకి ఎక్కాక ఇసుక మూటలు దించేసి, మొదటిసారి రాసినవాడే ఎక్కాలి. బాబాయ్ మూటలు దించి తలుపు పట్టుకున్నాడు. నేను లోపలికి వెళ్లాను. వెనకాలే ఆమె వచ్చింది.

"రివ్యూ చేసినవాళ్లు ఎక్కకూడదని ఎక్కడైనా రాసుందా బాబాయ్?"

"లేదమ్మా. ఇన్నాళ్లూ ఎవరూ ఎక్కుతామనలేదు, అంతే."

తలుపులు మూసుకున్నాయి. లిఫ్టు కదిలింది. ఒకటి. రెండు. మూడు. నా చూపంతా అంకెల మీదే ఉంది.

"భయమేస్తోందా?" అంది.

"వేస్తోంది. నాలుగుకీ ఐదుకీ మధ్య ఆగిపోతుందేమోనని."

"నేను చదివాను కదా. ఆగదు."

నాలుగు దాటింది. ఐదు దాటింది. అప్పుడు ఆమె వైపు తిరిగాను. రాసినవన్నీ చదివేసిన మనిషికి కొత్తగా చెప్పేదేముంటుంది? అయినా చెప్పాలి. ఒక్కసారీ నోటితో చెప్పలేదు.

"నాకు మీరంటే చాలా ఇష్టం," అన్నాను. గొంతు వణికింది, వణకనిచ్చాను.

ఆమె కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుంది. కళ్లు తడిగా ఉన్నాయి. "ఆ వాన రోజు ఇంటికెళ్లి ఎంత ఏడ్చానో తెలుసా? లిఫ్టులున్నాయట, లిఫ్టులు!" అని నా భుజం మీద ఒక్కటి వేసింది. వేసిన చెయ్యి తీయలేదు.

ఎనిమిదో అంతస్తులో లిఫ్టు నీళ్ల మీద పడవలా మెత్తగా ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. కింద నుంచి బాబాయ్ కేకేశాడు. "దిగారా?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆమె చెయ్యి చాపి కింది అంతస్తు బటన్ నొక్కింది. తలుపులు మళ్లీ మూసుకున్నాయి.